పేరు ఇంకా అవలేదు సార్

పెదరేవు రేడియో కేంద్రానికి ఇప్పటిదాకా పదకొండుమంది డైరెక్టర్లు వచ్చారు. అందులో ఒక్కరు కూడా తెలివితక్కువవారు కారు. అందరూ పెద్ద చదువులు చదివినవాళ్ళే, అందరూ పైనుంచి ఏరి పంపినవాళ్ళే. ఈ మాట ముందుగా చెప్పెయ్యడం మంచిది. లేకపోతే తర్వాత జరిగినవన్నీ విని మీరు వేరేగా అనుకునే ప్రమాదం ఉంది.

అనౌన్సరు మాణిక్యాంబ ఆ పదకొండుమందిలో తొమ్మిదిమంది కింద పనిచేసింది. ఇరవై రెండేళ్ళ సర్వీసు. ఒకాయన వచ్చీ రాగానే రాత్రి తొమ్మిదిన్నరకి వచ్చే లాలిపాటలు ఆపించేశాడు. కారణం ఫైల్లో స్పష్టంగా రాశాడు: “సదరు కార్యక్రమము వలన శ్రోతలు నిద్రకు ఉపక్రమించుచున్నట్లు తెలియవచ్చినది. నిద్రించుచున్న వ్యక్తిని శ్రోతగా పరిగణించుటకు నిబంధనలు అంగీకరించవు.” ఆ టైములో మిల్లు సైరన్ల చరిత్ర మీద ధారావాహిక పెట్టించాడు, నమూనా సైరన్లతో సహా. ఇంకొకాయన రేడియోలో ముగ్గుల పాఠాలు మొదలెట్టించాడు. “పదకొండు చుక్కలు పెట్టారా? ఇప్పుడు ఇక్కణ్ణుంచి ఇక్కడికి కలపండి” అని మాణిక్యాంబే చదివింది. నాలుగు నెలలు చదివింది. ఆ నాలుగు నెలలూ పెదరేవులో ఏ వాకిట్లో ముగ్గు చూసినా చిక్కుపడ్డ వలలా ఉండేది. ఆడవాళ్ళు పాపం ఎవరి ‘ఇక్కడ’ వాళ్ళు చూసుకుని కలిపేసుకున్నారు.

వీళ్ళందరిలోకీ ఘనుడు మాత్రం మూగాభినయం పోటీ పెట్టినాయన. ఆయన మాణిక్యాంబకి మొట్టమొదటి డైరెక్టరు. మాటల్లేకుండా హావభావాలతో నటించే కళ అంతరించిపోతోందని ఆయనకి బెంగ. దాన్ని బతికించాలని జిల్లాస్థాయి పోటీ పెట్టి, ఆదివారం మధ్యాహ్నం అరగంటసేపు రేడియోలో ప్రత్యక్ష ప్రసారం చేశాడు. అరగంటా చడీచప్పుడూ లేదు. మొదటి బహుమతి ఎవరికొచ్చిందో కూడా సైగతోనే ప్రకటించారు. ఊళ్ళో జనం రేడియోలు చంకనపెట్టుకుని రిపేరు షాపుల ముందు బారులు తీరితే, ఒక షాపాయన స్వీట్ ప్యాకెట్టు పట్టుకుని స్టేషనుకొచ్చి డైరెక్టరుగారికి దణ్ణం పెట్టి వెళ్ళాడు. శ్రోతల ఆదరణకి అదే రుజువని రిపోర్టులో రాసుకున్నారు.

నవ్వొచ్చే సంగతే. కానీ మాణిక్యాంబకి నవ్వు రాదు. ఎందుకంటే ఆ అరగంట నిజానికి కాసులమ్మది.

కాసులమ్మది ఏటి అవతల కొత్తరేవులంక. ఊడ్పుల పనిలో వరస నడిపించే మనిషి. చేలో వంగి పాటెత్తుకుందంటే గట్టు మీద పోయేవాళ్ళు కూడా ఆగి వినేవాళ్ళు. ఉద్యోగంలో చేరిన రెండోనెల్లో మాణిక్యాంబ ఆమెని పడవ ఎక్కించి స్టేషనుకి తీసుకొచ్చింది, చన్నీళ్ళు తాగించింది, మైకు ముందు కూచోబెట్టి, “పాటకి ముందు నీ పేరూ ఊరూ చెప్పమ్మా” అంది. కాసులమ్మ చెప్పింది. పేరు, ఊరు, పెనిమిటి పేరు, మామగారి పేరు, రేవు దిగ్గానే మూడో ఇల్లని, రెండు గేదెలున్నాయని, అందులో ఒకటి చూడిదని. ఆ తర్వాత ఏడు నిమిషాల పాట పాడింది. “ఆదివారం మధ్యాహ్నం రెండింటికి వస్తుంది, విను. మీవాళ్ళందర్నీ వినమను” అని మాణిక్యాంబ నోరారా చెప్పి పంపింది.

కాసులమ్మ అలాగే విన్నది. సర్పంచి ఇంటినుంచి రేడియో అడిగి తెచ్చి పీట మీద పెట్టి, వాకిట్లో చాపలు పరిచి, ఊరందరికీ అటుకులు పంచింది. రెండయింది. రేడియో గప్‌చుప్. ఐదు నిమిషాలు చూసి తోడికోడలు నరసయ్యమ్మ అందిగదా, “ఏం పాడేవే కాసులూ! చీమ నడిచినట్టుంది.” ఊరు ఊరంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. కాసులమ్మ ఉత్తినే కోతలు కోసిందని తేల్చేసింది. అప్పట్నుంచీ లంకలో ఎవడైనా అడిగినదానికి బదులు చెప్పకుండా నిలబడితే, “కాసులమ్మ పాట పాడుతున్నావేంట్రా?” అనడం మామూలైపోయింది. అవమానం అంటే మామూలు అవమానం కాదు, ఊరి వాడుకలోకి ఎక్కేసింది.

ఆ పాట మళ్ళీ వేద్దామంటే రిజిస్టరు అడ్డమొచ్చింది. షెడ్యూల్లో ఉంది కాబట్టి ఆ ఆదివారమే ఎర్రసిరాతో ‘ప్రసారమైనది’ అని రాసేశారు. ప్రసారమైన టేపు పునఃప్రసారం కావాలంటే శ్రోత ఉత్తరం రాయాలి, డైరెక్టరు అనుమతి ఇవ్వాలి. కాసులమ్మ వారం వారం ఎవరిచేతో ఒకరిచేత కార్డు రాయించేది. మాణిక్యాంబ ప్రతి డైరెక్టరు ముందూ ఆ కార్డు పెట్టేది. ఊడ్పుల పాట ఊడ్పుల రోజుల్లోనే వెయ్యాలని ఒకాయన, ఆ రోజుల్లో వేస్తే కూలీలు పని మానేసి వింటారని ఇంకొకాయన. ఇరవై రెండేళ్ళు అలా గడిచిపోయాయి.

అప్పుడొచ్చారు త్రిపురాంతకంగారు. పదకొండో ఆయన. గడ్డం నున్నగా, ఫైలు ఇంకా నున్నగా ఉండే మనిషి.

పెదరేవు స్టేషనులో మధ్యాహ్నం వచ్చే ‘మీ కోరిక’ కార్యక్రమానికి మొదట్నుంచీ ఒక అలవాటు ఉంది. పాటకి ముందు ఆ పాట కోరినవాళ్ళ పేర్లు చదువుతారు. ఫలానా ఊరినుంచి ఫలానావారు, వారి పిల్లలు చంటి, బుల్లి, పండు, మేనత్త, అమ్మమ్మ, పక్కింటివాళ్ళు. త్రిపురాంతకంగారు ఈ కార్యక్రమం మీద సర్వే చేయించి సిబ్బందినందర్నీ సమావేశపరిచారు.

“గణాంకాలు అబద్ధమాడవు” అన్నారాయన కళ్ళజోడు తుడుచుకుంటూ. “నూటికి తొంభై ఒక్కమంది శ్రోతలు తమ పేరు వినడం కోసం రేడియో పెడుతున్నారు. ఏడుగురు ఎదురింటివారి పేరు రాలేదని నిర్ధారించుకోవడం కోసం పెడుతున్నారు. పాట కోసం పెడుతున్నవారు ఇద్దరు. ఆ ఇద్దరిలో ఒకరికి చెవుడు.”

కళ్ళజోడు పెట్టుకుని అందరివైపూ చూశారు.

“అంటే ఏమిటి? మన ప్రసారాల్లో పాట అనేది పేర్లకి కలుగుతున్న అంతరాయం. అంతరాయానికి చింతించడం ఇన్నాళ్ళూ మన ఆనవాయితీ. నివారించడం ఇకపై మన కర్తవ్యం!”

నివారణ దశలవారీగా జరిగింది. మొదటినెల పాటలో చరణాలు తీసేశారు. రెండోనెల పల్లవి ఒక్కసారే. మూడోనెల పాట మొదటి మాట వినపడగానే ఆపేసి మళ్ళీ పేర్లు. నాలుగోనెలకి ఆ మాట కూడా దండగనిపించింది. జనం మాత్రం వెర్రెత్తిపోయారు. కార్డులు గోనెసంచుల్లో వచ్చి పడ్డాయి. పుట్టని పిల్లల పేర్లు కూడా రాసి పంపిన గర్భిణీస్త్రీలున్నారు.

కాసులమ్మ పేరు కూడా వారం వారం రేడియోలో మోగిపోయింది. దాంతో ఆమెకి ఇంకా చిక్కొచ్చిపడింది. “పేరొచ్చింది సరే, పాటేదే?” అని నరసయ్యమ్మ గడప మీద కూచుని అడగడం మొదలెట్టింది.

ఇంతలో తగువులు బయల్దేరాయి. రాజు అనే ఆయన ఒకరోజు స్టేషనుకొచ్చి త్రిపురాంతకంగారి టేబులు మీద గుద్దాడు.

“మా ఎదురింటాయన పేరు శ్రీ వీర వెంకట సత్య సూర్య నాగ వరప్రసాదరావండి. ఆయన పేరు చదివేసరికి మా ఆవిడ కాఫీ కలిపేసి తెచ్చేసిందండి. నా పేరు రాజు. అది కప్పు కింద పెట్టేలోపు అయిపోయిందండి! ఇద్దరం ఒకే పన్ను కడతన్నాం కదండీ?”

న్యాయమైన మాట. త్రిపురాంతకంగారు వెంటనే ‘నామకాల సమానత్వ కమిటీ’ వేశారు. కమిటీ మూడు వారాలు గడియారం పెట్టుకుని కూచుని, ప్రతి శ్రోతకీ ఆరు సెకన్లు కేటాయించింది. ఆరు సెకన్లు నిండేదాకా పొట్టిపేర్లని తిరిగి చదవాలి. మర్నాడు మాణిక్యాంబ “రాజు, రాజు, రాజు, రాజు, రాజు, రాజు” అని ప్రశాంతంగా చదివింది. ఇంటికెళ్ళాక మొగుడు “మాణిక్యం” అని పిలిస్తే ఇంకో ఐదుసార్లు పిలుస్తాడేమోనని కాసేపు ఎదురుచూసింది.

పేర్ల గాలి మిగతా కార్యక్రమాలకీ తగిలింది. పొలం కబుర్ల టైములో రైతుల పేర్లు. వంటింటి చిట్కాల టైములో వండినవాళ్ళ పేర్లు, తిన్నవాళ్ళ పేర్లు. ఒక ఉదయం భారీవర్షం సూచన వచ్చింది. త్రిపురాంతకంగారు దాన్ని దిద్ది పంపారు: “ఈ దిగువ పేర్కొన్న వారలకు వాతావరణశాఖ వారి హెచ్చరిక.” ఆ దిగువ పేర్కొన్న వారలు మూడువేలమంది. మాణిక్యాంబ గుక్కతిప్పుకోకుండా ఐదుగంటలు చదివి, ఆఖర్న “వర్షము కురియును” అనేసరికి వర్షం కురిసి, వెలిసి, ఎండ కూడా కాసింది. డాబాల మీద ఆరబెట్టిన వడియాలన్నీ ముద్దలైపోయాయి. మర్నాడు వడియాల గురించి ఒక్క ఫిర్యాదు లేదు. పదకొండుమంది మాత్రం పిటిషన్ పెట్టారు. జాబితాలో తమ పేరు లేదనీ, పేరు చదవకుండా తమని తడపడం అన్యాయమనీ.

ఆ తర్వాత మున్సిపల్ చైర్మన్‌గారికి కోపమొచ్చింది. ఆయన పేరు చదువుతుండగా టైమైపోయి సగంలో గంట మోగింది. పైగా తన ఇంటిపేరు సరిగ్గా పలకలేదన్నాడు. త్రిపురాంతకంగారు రాత్రికి రాత్రి చరిత్రాత్మకమైన ఉత్తర్వు తయారుచేశారు. పొద్దున్నే గోడకి అంటించి ఉన్న దాన్ని మాణిక్యాంబ నాలుగుసార్లు చదువుకుంది.

“ఇకపై శ్రోతలు స్వయముగా కేంద్రమునకు విచ్చేసి తమ పేరును తమ స్వముఖమున చెప్పుకొనవచ్చును. వయోభారము, దూరాభారము గలవారి పేరు వారి స్వంత గొంతులో రికార్డయి ఉన్నచో అట్టి రికార్డును యథాతథముగా ప్రసారము చేయవలెను. శ్రోత తన పేరు చెప్పుట పూర్తి కానిదే ఏ స్థాయి అధికారియు మధ్యలో నిలుపరాదు.” రెండో వాక్యం చైర్మన్‌గారి తల్లికోసం. మూడోది చైర్మన్‌గారి కోసం.

దానికిందే ఇంకో కాగితం అంటించి ఉంది.

“ఆరు నెలలుగా వినియోగములో లేని పాటల రికార్డులు, టేపులు మొత్తము నాలుగువేల మూడువందలు నిరుపయోగ వస్తువులుగా తీర్మానించడమైనది. ముప్పయ్యవ తేదీన లారీలో తరలించి తుక్కుక్రింద జమకట్టవలెను.”

మాణిక్యాంబ పరిగెత్తుకుంటూ డైరెక్టరుగారి గదిలోకి వెళ్ళింది. “సార్, ఇందులో మనం ఊళ్ళు తిరిగి రికార్డు చేసిన పాటలున్నాయి. ఇంకెక్కడా దొరకవు. వీటికి ఇంకో కాపీ లేదండి.”

“అవి వాడి ఎన్నాళ్ళయింది?”

“మీరు ఆపించినప్పట్నుంచీ సార్.”

“చూశారా! ఎవరూ వాడడం లేదని మీరే అంటున్నారు” అని త్రిపురాంతకంగారు సంతోషంగా సంతకం చేశారు.

ముప్పయ్యో తేదీ పదకొండు గంటలకి లారీ వచ్చి గేటు దగ్గర నిలబడింది. ఆవరణలో పేర్లు చెప్పుకోడానికొచ్చిన జనం నాలుగువందలమంది, చేతిలో టోకెన్లు, నెత్తిన తువ్వాళ్ళు. ప్రసారం వినపడ్డానికి వేపచెట్టుకి లౌడ్‌స్పీకరు కట్టారు. కూలీలు రికార్డుల పెట్టెలు మోసుకుపోయి లారీలోకి విసురుతుంటే మాణిక్యాంబ మెట్ల మీద నిలబడి చూస్తోంది. పెట్టె పడ్డప్పుడల్లా తన ఒంటిమీద పడ్డట్టే అదిరిపడుతోంది.

“అమ్మా, బాగున్నారాండి?”

క్యూలో ఒక ముసలమ్మ. తెల్లజుట్టు, చంకలో గొడుగు, చేతిలో రెండువందల పన్నెండో నంబరు టోకెను. మాణిక్యాంబ పోల్చుకుంది.

“నేనండి, కాసులమ్మని. ఎవులి పేరు ఆళ్ళే చెప్పుకోవచ్చంట కదండీ. పాటెలాగూ ఎయ్యరు. పేరన్నా నా నోటితో చెప్పుకుందావని పడవెక్కి వచ్చేనండి.” మాటలో నిష్ఠూరం లేదు. అదే మాణిక్యాంబని ఎక్కువ బాధపెట్టింది. “ఆ పాట ఇంకా ఉందాండి?”

మాణిక్యాంబ లారీ వైపు చూసింది. పాట లేదని చెబితే ఇరవై రెండేళ్ళ అబద్ధం నిజమైపోతుంది. ఉందని చెబితే పదినిమిషాల్లో అబద్ధమవుతుంది.

“ఉంది” అంది. అని చీర కుచ్చెళ్ళు ఎగదోపి లారీ ఎక్కేసింది.

“ఏవండీ, దిగండి! లెక్క తప్పుద్ది!” అని డ్రైవరు అరుస్తున్నాడు. ఆమె వినిపించుకోలేదు. రెండు పెట్టెలు తిరగేసింది, మూడో పెట్టెలో దొరికింది. డబ్బా మీద తన చేతిరాతే, ‘కాసులమ్మ – కొత్తరేవులంక’. దాన్ని చూడగానే అందులో మొదటి మాటలేమిటో గుర్తొచ్చాయి. పేరూ ఊరూ చెప్పమని అడిగింది తనే. ఇరవై రెండేళ్ళ క్రితం కాసులమ్మ తన పేరు చెప్పడం మొదలెట్టింది, ఇంతవరకూ ఎవరూ దాన్ని పూర్తిగా ప్రసారం చెయ్యలేదు. వయోభారం ఉంది. దూరాభారం ఏరంత ఉంది. సొంత గొంతులో రికార్డయి ఉంది. గోడమీది కాగితం అక్షరమక్షరం కళ్ళముందు మెదిలింది.

తిన్నగా కంట్రోలు రూములోకి వెళ్ళి ఇంజనీరు జోగారావు చేతిలో టేపు పెట్టింది.

“ఇదేంటండీ?”

“పేరు” అంది మాణిక్యాంబ.

జోగారావు మంచివాడు. ఇంకేం అడక్కుండా మెషీను మీద పెట్టేశాడు. వేపచెట్టు మీద లౌడ్‌స్పీకరు గురగురమని, “నా పేరు కాసులమ్మండి, మాది కొత్తరేవులంకండి” అంది. పెనిమిటి వచ్చాడు, మామగారు వచ్చారు, రేవు దిగ్గానే మూడో ఇల్లు వచ్చింది. చూడిగేదె దగ్గరకొచ్చేసరికి క్యూలో జనం నవ్వారు. ఆ నవ్వు ఇంకా అయిపోకముందే గొంతు లేచింది.

వంగవే అచ్చియ్యమ్మా, నీ వరస చక్కన
జరగవే భూలోకమ్మా, నా జబ్బ పక్కన
కట్టిప్పి పంచవే మాచరమ్మా
గట్టెందుకెక్కేవే నరసయ్యమ్మా
నాటేది నలుగురూ, నడుంనొప్పి నీకా!

ఆరు నెలలుగా పెదరేవు గాల్లో పాటన్నది లేదు. కూలీలు పెట్టెలు భుజం మీదే పెట్టుకుని ఆగిపోయారు. లారీ డ్రైవరు ఇంజను ఆపేశాడు. త్రిపురాంతకంగారు మాత్రం చెప్పులు లేకుండా కంట్రోలు రూములోకి ఊడిపడ్డారు.

“ఏమిటిది! పాట! ఆపండి!”

“పేరు ఇంకా అవలేదు సార్” అంది మాణిక్యాంబ.

“ఎవరి పేరు?”

“కాసులమ్మ సార్. వయోభారం, దూరాభారం. యథాతథంగా వెయ్యాలని తమరి ఉత్తర్వు. ఏ స్థాయి అధికారీ మధ్యలో ఆపకూడదని కూడా తమరే రాశారు.”

సంతకం త్రిపురాంతకంగారిదే. సొంత ఉత్తర్వుని ఉల్లంఘించడమంటే తన మీద తనే చర్య తీసుకోవాలి. “ఎప్పటికి అవుతుంది ఈ పేరు?” అన్నారు నీరసంగా.

“ఇంకో మూడు చరణాలుంటాయి సార్.”

చేసేదిలేక స్టూలు మీద కూలబడి విన్నారు. అచ్చియ్యమ్మ, భూలోకమ్మ, మాచరమ్మ అయ్యాక ఎంకాయమ్మ వచ్చింది, ఆ తర్వాత సింగారం, పైడమ్మ. ఊడ్పుల పాటలో వరసలో ఉన్న ప్రతి మనిషినీ పిలవాలి. పిలవకపోతే ఆ మనిషి వెనకబడిపోతుంది. త్రిపురాంతకంగారి వేళ్ళు వాటంతటవే లెక్కపెట్టడం మొదలెట్టాయి. పాట అయ్యేసరికి ఆయన మొహం వికసించింది.

“ఇరవై మూడు! ఏడు నిమిషాల్లో ఇరవై మూడు పేర్లు, పైగా ఎవరేం చేస్తున్నారో వివరాలతో సహా! మాణిక్యాంబగారూ, ఇలాంటివి మన దగ్గర ఇంకా ఎన్ని ఉన్నాయి?”

“నాలుగువేల మూడువందలు సార్. ప్రస్తుతం లారీలో ఉన్నాయి.”

అప్పటికే ఫోన్లు మోగుతున్నాయి. ఒక్కరు కూడా పాట అనలేదు. అందరూ “ఇందాక వేశారు చూడండి, ఆ పేరు, అది మళ్ళీ వెయ్యండి” అనే అడిగారు. త్రిపురాంతకంగారు అక్కడికక్కడే ఉత్తర్వు రాశారు. పాటల రికార్డుల గది ఇకపై ‘దీర్ఘనామ భాండాగారము’. పెట్టెలన్నీ వెంటనే దింపాలి.

“మరి నా లారీ ఖాళీగా ఎల్లకూడదండి, తుక్కు ఎత్తినట్టు కాయితం కావాలండి” అన్నాడు డ్రైవరు. కాసేపు తర్జనభర్జన పడి, చదివేసిన కార్డుల సంచులు నూట ఎనభై ఎత్తించి పంపేశారు.

ఇంత హడావుడిలోనూ కాసులమ్మ క్యూలో తన చోటు వదల్లేదు. పాట వస్తున్నంతసేపూ లౌడ్‌స్పీకరు వైపు తలెత్తి నిలబడింది. ముందు, “ఎవురో బాగానే పాడతంది” అంది పక్కావిడతో. పేరూ తనదే, గేదే తనదే అయినా, ఆ గొంతు తనదని నమ్మడానికి రెండు చరణాలు పట్టింది. ఆ తర్వాత గొడుగు విప్పి మొహానికి అడ్డం పెట్టుకుంది. ఎండకి కాదు.

మూడింటికి ఆమె నంబరు వచ్చింది. మాణిక్యాంబే చెయ్యి పట్టుకుని మైకు ముందుకి తీసుకెళ్ళింది. గాజుతలుపు అవతలినుంచి త్రిపురాంతకంగారు చెయ్యి ఊపారు. “ఈమె పేరు ఉదయమే ప్రసారమైంది. ఒక శ్రోతకి వారానికి ఒక్క పేరే!”

“పేరు చెప్పనండి” అంది కాసులమ్మ. “అది అందరికీ తెలిసిపోయింది కదండీ. ఒక్క మాట అడిగేసి ఎల్లిపోతాను.”

మాణిక్యాంబ ఎర్రదీపం వెలిగించింది. ఏటికి ఇవతల, ఏటికి అవతల, ఊరూరా పేర్ల కోసం చెవులు రిక్కించుకుని కూచున్నవాళ్ళందరికీ వినపడేలాగ కాసులమ్మ మైకు మీదికి వంగింది.

“ఇన్నావటే, నరసయ్యమ్మా?”